మూడు పిలుపుల ఎల్లారావు

ఎల్లారావు గొంతు గురించి విశాఖపట్నం ప్లీడర్లు చెప్పే కథల్లో సగం అబద్ధాలు. అతను కోర్టు గుమ్మంలో నిలబడి ఒక ముద్దాయిని పిలిస్తే, హార్బరు దాటి పోతున్న ఓడ తననే పిలిచారనుకుని వెనక్కి తిరిగిందని ఒకాయన చెప్పేవాడు. అంత లేదు. ఓడ తిరగలేదు. కానీ రోడ్డుకి అవతల టీకొట్టులో కూర్చున్న సాక్షి మాత్రం గ్లాసు సగంలో పెట్టేసి చెప్పులు వెతుక్కునేవాడు. అది నిజమేనని టీకొట్టువాడు ప్రమాణం చేస్తాడు.

ఆ గొంతు చదువుకుంటే వచ్చింది కాదు. ఆనందపురం అవతల పల్లెలో చిన్న రైతు కొడుకు ఎల్లారావు. చోడిచేను మీద వాలే పిట్టల్ని తోలడానికి మిగతా పిల్లలు డబ్బాలు వాయించేవారు, ఒడిసెలలు తిప్పేవారు. ఇతనికి ఆ సరంజామా అక్కర్లేదు. గట్టు మీద నిలబడి ఒక్క కేక వేస్తే తమ చేలో పిట్టలే కాదు, పక్క రెండు చేలల్లోవీ లేచిపోయేవి. పక్కవాళ్ళు సంతోషించారు గానీ ఇంట్లో మాత్రం వీణ్ణి ఎక్కడ పడెయ్యాలా అని బెంగ. చదువు ఎనిమిదితో ఆగిపోయింది. కోర్టులో గుమాస్తాగా ఉన్న మేనమామ ఒకనాడు ఊరికొచ్చి, వీధి చివర నుంచి మేనల్లుడు వేసిన కేక విని, "ఈడికి ఉద్యోగం ఉన్నాదర్రా," అన్నాడు.

అలా 1970లో ఎల్లారావు కోర్టు బంట్రోతయ్యాడు. తెల్లబట్టలు, భుజం మీదుగా ఎర్రపట్టీ, పట్టీ మీద ఇత్తడి బిళ్ళ. పని చూడ్డానికి చిన్నదే. లోపల గుమాస్తా కేసు నంబరు చదువుతాడు. బంట్రోతు గుమ్మంలోకి వచ్చి ఆ కేసు తాలూకు మనిషిని పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తాడు. మూడు పిలుపులకీ రాకపోతే, వచ్చినవాడి మాటే విని కేసు నడిపేస్తారు. దాన్ని ఎక్స్‌పార్టీ అంటారు, అంటే ఏకపక్షం. ఎంత పెద్ద ప్లీడర్ని పెట్టుకున్నా, ఎన్ని కాయితాలు కూడబెట్టుకున్నా, ఆ పిలుపులు చెవిన పడకపోతే అంతే సంగతులు.

ఎల్లారావు ఆ పని శ్రద్ధగా చేశాడు. మొదటి పిలుపు వరండాలో ఉన్నవాళ్ళ కోసం, రెండోది ఆవరణలో సైకిళ్ళ దగ్గర ఉన్నవాళ్ళ కోసం, మూడోది రోడ్డు అవతలివాళ్ళ కోసం. సన్యాసిరాజు, గవర్రాజు లాంటి పేర్లు వస్తే అతనికి పండగే, చివర లాగడానికి చోటుంటుంది. కొత్తగా చేరిన బంట్రోతులకి పాఠం కూడా చెప్పేవాడు. "పేరు నమిలీకూడదురా. ఆడి అమ్మా అయ్యా పెట్టుకున్న పేరది. మొత్తం పిలవాల. సగం పిలిత్తే సగం మనిసే వత్తాడు," అనేవాడు.

2003లో రిటైరయ్యాడు. దండ వేశారు, శాలువా కప్పారు, ఇంటికి పంపేశారు. ఇంట్లో పిలవడానికి ఎవరున్నారు? భార్య జోగమ్మ ఒక్కర్తి. ఆవిడేమో వంటింట్లో నాలుగడుగుల దూరంలో ఉంటుంది. అలవాటైన గొంతు నాలుగడుగులకి సరిపడా తగ్గమంటే తగ్గుతుందా? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని ఊరికే అన్నారా?

"ఓ మావా, మంచినీళ్ళు గావాలంటే మెల్లగా అడగొచ్చు గదా," అని మొత్తుకునేది జోగమ్మ. "నువ్వు కేకేసినప్పుడల్లా పక్కింటామె కూడా గళాసట్టుకుని వచ్చేత్తంది."

రెండేళ్ళు ఓపిక పట్టింది. ఆ తర్వాత తీర్పు చెప్పేసింది. పింఛను తను ముట్టుకోదు, చేపల కూరలో తోక ముక్క కూడా అతనికే వదిలేస్తుంది, పగటివేళ ఇంట్లో ఉండకపోతే చాలు. ఎల్లారావుకీ అదే కావాలి. అరవై రెండేళ్ళ బంట్రోతుని ఎవరు పెట్టుకుంటారని నలుగురినీ అడిగి చూశాడు. నలుగురూ నవ్వారు. ఐదో మనిషి నవ్వలేదు. ఆవిడ పేరు చంద్రిక.

చంద్రిక తండ్రి స్టీలు ప్లాంటు కట్టే రోజుల్లో గోదావరి జిల్లా నుంచి వచ్చి ఉక్కునగరంలో స్థిరపడ్డాడు. ఆవిడ లా చదివి, హైదరాబాదులో పెద్ద వకీళ్ళ దగ్గర పదేళ్ళు పనిచేసి, ముప్పై ఆరో ఏట విశాఖకి తిరిగొచ్చి ద్వారకా నగర్‌లో మూడో అంతస్తులో ఆఫీసు తెరిచింది. దాన్ని లా ఫర్మ్ అనాలి, ప్లీడరు గారి ఆఫీసు అనకూడదు. నల్లకోట్లు వేలాడవు, దుమ్ము పట్టిన బైండు పుస్తకాలుండవు. అంతా గాజు గోడలు, ఏసీ చలి, కంప్యూటర్లు. కక్షిదారులందరూ మధురవాడ కొండ మీద కొత్తగా వెలసిన సాఫ్ట్‌వేర్ కంపెనీలవాళ్ళు. ఎవరు రాసిన ప్రోగ్రాం ఎవరిది, ఎవరు ఎవరికి అమ్మొచ్చు, ఉద్యోగం మానేసి పోయేవాడు బుర్రలో ఏం పట్టుకుపోవచ్చు, ఇవీ అక్కడి తగువులు. తగువు రాకముందే దానికి కాయితం రాసి పెట్టుకునే జనం. అప్పుడప్పుడు కోర్టులో దాఖలు చేసే పనులుంటాయి. ఏ సెక్షన్లో ఏ గుమాస్తా ఎన్నింటికి టీకి పోతాడో తెలిసిన మనిషి కావాలి. అందుకని చంద్రిక 2006 జనవరిలో ఎల్లారావుని పెట్టుకుంది. మెళ్ళో ఫొటో ఉన్న కార్డొకటి వేశారు. ఇత్తడి బిళ్ళకి సాటి రాదు గానీ, ఖాళీ మెడ కంటే నయమే.

మొదటిరోజే ముహూర్తం కుదిరింది. శ్రీసత్య అనే అమ్మాయి, ఏదో కంపెనీలో మేనేజరు, వచ్చి సోఫాలో కూర్చుంది. చంద్రిక లోపలి నుంచి, "ఎల్లారావుగారూ, శ్రీసత్యగార్ని పిలవండి," అంది. పిలవండి అన్నమాట విని ఎంతకాలమైంది! ఎల్లారావు చొక్కా సర్దుకుని, గుమ్మంలో నిటారుగా నిలబడి, శ్రీసత్య పేరు మూడుసార్లు పిలిచాడు. ఆ అమ్మాయి రెండు గజాల దూరంలో ఉంది. చేతిలో కాఫీ ల్యాప్‌టాప్ మీద పడింది. మూడో పిలుపుకి తను చేతులు కట్టుకుని లేచి నిలబడ్డాననీ, చేసిన నేరమేమిటో గుర్తు తెచ్చుకునే ప్రయత్నం చేశాననీ తర్వాత ఆవిడే చెప్పి నవ్వింది. చంద్రిక నవ్వలేదు.

రెండోసారి ఇంకా అన్యాయం. లోపల స్పీకరు ఫోన్లో అమెరికా కంపెనీతో మాటలు సాగుతున్నాయి. ఆఫీసులో పనిచేసే కుర్ర వకీలు సందీప్ కనబడక ఎల్లారావు నడవాలోంచి ఒక్క పిలుపు, ఒకే ఒక్కటి, వేశాడు. అవతలి దొరలు మాట ఆపేసి, అక్కడంతా క్షేమమేనా, ఎవరైనా బిల్డింగు ఖాళీ చేయమంటున్నారా అని అడిగారు.

ఆ సాయంత్రం చంద్రిక అతన్ని కూర్చోబెట్టి చెప్పింది. "మీ పని నాకు నచ్చింది. కోర్టు కాయితాలు మీరు తెచ్చినంత త్వరగా ఎవరూ తేలేరు. కానీ ఇంకొక్కసారి ఈ ఆఫీసులో ఆ గొంతు వినబడితే, ఎల్లారావుగారూ, మర్నాటి నుంచి మీరు రానక్కర్లేదు. ఏం చెప్పినా దగ్గరికెళ్ళి, మెల్లగా, చెవిలో చెప్పినట్టు చెప్పాలి."

"అలాగేనండి," అన్నాడు ఎల్లారావు, అప్పుడే మెల్లగా.

అప్పట్నుంచి పాపం గుసగుసలు సాధన చేశాడు. గట్టిగా అరిచినప్పుడు ఎన్నడూ నొప్పి పుట్టని గొంతు, గుసగుసలాడితే సాయంత్రానికి పచ్చిపుండయ్యేది. ఇంటికొచ్చి కూడా అలాగే మాట్లాడుతుంటే జోగమ్మ మొదట సంబరపడింది, తర్వాత భయపడింది, చివరికి మిరియాల పాలు కాచి ఇచ్చింది. "ఏటి మావా, అందరి గుట్టూ నీకే సెప్పీసినారా?" అంది. అయినా ఎల్లారావు పట్టు వదల్లేదు. ఆ ఉద్యోగం పోతే ఇంకొకటి దొరకదని అతనికి తెలుసు. జీతం మాట అలా ఉంచండి. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎక్కడికో పోవడం, పోయినచోట నలుగురికి అవసరపడడం, అది లేకపోతే అతనికి రోజు గడవదు. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చున్న ఆ రెండేళ్ళూ మళ్ళీ తనకి వద్దే వద్దు. అందుకని నోరు కట్టేసుకున్నాడు. ఎనిమిది నెలలు నెగ్గుకొచ్చాడు కూడా.

సెప్టెంబరులో నాగవంశీ తగువు వచ్చింది.

నాగవంశీ చంద్రిక ఆఫీసుకి పెద్ద ఆసామీ. మధురవాడలో అతని సాఫ్ట్‌వేర్ కంపెనీ పనులే ఆఫీసులో సగం పనులు. రెండేళ్ళ కిందట అతని మనుషులు ఆటోనగర్‌లో భీమశంకరరావు అనే ముసలాయన వర్కుషాపులో ఆరు నెలలు కూర్చున్నారు. ఇనప రేకులోంచి ఏ ముక్క ఎటు తిప్పి కోస్తే తక్కువ రేకు వృథా అవుతుందో ఆయన ఒక్క చూపులో చెప్పేవాడు. ఎలా చెబుతున్నాడో అడిగి అడిగి రాసుకుని, దాన్ని కంప్యూటర్లో పెట్టి, నాగవంశీ ఒక ప్రోగ్రాం చేయించాడు. అది బాగా అమ్ముడుపోతోంది. ఆ లెక్క తనదని భీమశంకరరావు అంటాడు. ప్రోగ్రాం తనదని నాగవంశీ అంటాడు, తేల్చమని ముందు తగువు పెట్టిందీ అతనే. గొడవొస్తే కోర్టుకి పోకుండా ఒక మధ్యవర్తి దగ్గర తేల్చుకుంటామని ఇద్దరూ ముందే సంతకాలు పెట్టుకున్నారు. ఆ మధ్యవర్తి రిటైర్డు జడ్జి అర్జునరావుగారు. ఆయన కోర్టులో ఎల్లారావు ఆరేళ్ళు గుమ్మంలో నిలబడ్డాడు.

విచారణ జడ్జిగారింట్లోనే జరగాలి. ఇంటికి సున్నాలు వేయిస్తున్నారని ఆయన ఈ వాయిదా ఒక్కటీ చంద్రిక ఆఫీసుకి మార్చారు. భీమశంకరరావు ప్లీడర్ని పెట్టుకోలేదు, తన లెక్క తనే చెప్పుకుంటానన్నాడు. ఇద్దరికీ కొత్త చిరునామాతో నోటీసులు వెళ్ళాయి, అందినట్టు సంతకాలూ వచ్చాయి.

వాయిదా పదకొండింటికి. జడ్జిగారు పదీ యాభైకే వచ్చి, ఏసీ తగ్గించమని, మఫ్లరు చుట్టుకుని కూర్చున్నారు. నాగవంశీ తన మనుషులిద్దరితో వచ్చాడు. పదకొండయింది, పదకొండున్నరయింది. భీమశంకరరావు జాడ లేదు. సందీప్ ఫోను చేస్తే స్విచాఫ్ వచ్చింది. నాగవంశీ మొహంలో మెల్లమెల్లగా పున్నమి వికసిస్తోంది.

చంద్రిక లేచింది. "సార్, నోటీసు అందింది. ప్రతివాది రాలేదు. ఏకపక్షంగా విచారణ సాగించవలసిందిగా కోరుతున్నాను."

"పిలిచారా?" అన్నారు జడ్జిగారు.

"ఫోను చేశాను సార్, స్విచాఫ్. మెయిలు కూడా పెట్టాం," అన్నాడు సందీప్.

"నేను అడిగింది పిలిచారా అని." ఆయన కళ్ళజోడు కిందికి దించి, తలుపు దగ్గర నిలబడ్డ ఎల్లారావు వైపు చూశారు. "మనిషిని పిలవకుండా రాలేదని రాయడం నా ముప్పై ఏళ్ళలో లేదమ్మా. పిలవమను."

ఎల్లారావు చంద్రిక వైపు చూశాడు. చంద్రిక అతని దగ్గరికొచ్చింది. "పిలవండి. గుమ్మంలో నిలబడి మూడుసార్లు అంటే చాలు. మెల్లగా, ఎల్లారావుగారూ. గుర్తుంది కదా?"

గుర్తుంది. గుర్తుండకేం? కుడితిలో పడ్డ ఎలుక పరిస్థితి అతనిది. గాజు తలుపు దాటి నడవాలోకి వచ్చాడు. లిఫ్టు పక్కన పిట్టగోడ, దాని అవతల ద్వారకా నగర్ వీధి. ఇక్కడ నిలబడి మూడుసార్లు గొణిగితే పని అయిపోతుంది. జడ్జిగారు పిలిచినట్టు రాసుకుంటారు, మేడంగారు గెలుస్తారు, తన ఉద్యోగం నిలుస్తుంది. అబద్ధం కూడా కాదు, పిలిచాడు కదా. కోర్టు రోజుల్లో ఇలాంటి పిలుపు కోసం ఎంతమంది అతని చుట్టూ తిరగలేదు! అవతలివాడికి వినబడకుండా కొంచెం మెత్తగా పిలవవయ్యా అని ఒకడు ధోవతుల చాపు తెచ్చాడు, ఒకడు బుట్టెడు మామిడిపళ్ళు తెచ్చాడు. ఎల్లారావు ఏదీ పుచ్చుకోలేదు.

కానీ ఒక్కసారి మెత్తగా పిలిచాడు. లంచానికి కాదు, జ్వరానికి. నూటరెండు జ్వరంతో గొంతు పూడుకుపోయి, సెలవు పెట్టకుండా గుమ్మంలో నిలబడి పోతమ్మ అనే మనిషిని పిలిచాడు. అది పిలుపు కాదు, దగ్గు. పోతమ్మ గోడ అవతలే కూర్చుని ఉంది. పొద్దున్న ఆరింటి నుంచి కూర్చుంది. కేసు పోయింది. మళ్ళీ తెరిపించుకోవడానికి రెండేళ్ళు తిరిగింది. అతన్ని ఒక్క మాట అనలేదు. "నువ్వు పిలిత్తే నాను రానా బాబూ?" అంది, అంతే. ఆ మాటని ఎల్లారావు పదిహేనేళ్ళుగా మింగలేక కక్కలేక ఉన్నాడు.

పిట్టగోడ మీద చేతులాన్చాడు. 'పోతే పోనీ ఎదవ ఉద్యోగం,' అనుకున్నాడు. గుండెనిండా గాలి పీల్చాడు.

"భీమశంకరరావూ..."

ఎనిమిది నెలలు మూతపెట్టి ఉంచిన గొంతు. కింద పళ్ళ బండి దగ్గర బేరం ఆగిపోయింది. ఎదుటి మేడమీద కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతున్న మాస్టారు సుద్దముక్క పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"భీమశంకరరావూ...!"

కోచింగ్ సెంటర్ కిటికీ పక్కన ఒక గుంటడు ఠక్కున లేచి, "ప్రెజెంట్ సార్!" అన్నాడు. వాడి పేరు భీమశంకరరావు కూడా కాదు. కిందనుంచి ఒక ఆటో డ్రైవరు తల బయటపెట్టి, "నాను శంకర్రావునండి, సరిపోద్దా?" అని అడిగాడు. ఎల్లారావు వద్దని చెయ్యి ఊపి, మూడో పిలుపు అందుకున్నాడు. ఆ పిలుపు ఇటు బస్సు కాంప్లెక్సు దాకా పోయిందంటారు. ఇది కూడా ప్లీడర్లు చెప్పే మాటే, కాబట్టి సగమే నమ్మండి.

నాలుగు మిఠాయి కొట్ల అవతల, ఖాకీ చొక్కా వేసుకున్న ముసలాయన ఒకడు, చంకలో చుట్టచుట్టిన డ్రాయింగులు, చేతిలో తాడేసి కట్టిన నోటుపుస్తకాల కట్ట, నిలువునా ఆగిపోయాడు. తల పైకెత్తాడు. తర్వాత పరుగు లాంటి నడక అందుకున్నాడు.

రెండు నిమిషాలకి మెట్ల మీద నుంచి కేక వినబడింది. "వచ్చీసానండి! హాజరండి! రాసీకండి, రాసీకండి!"

భీమశంకరరావు ఆయాసపడుతూ లోపలికొచ్చి, ఎవరు జడ్జో తెలీక అందరికీ దండం పెట్టాడు. సంగతేమిటంటే, ఆయన పదింటికే ద్వారకా నగర్ వచ్చేశాడు. గంటన్నర నుంచి అదే వీధిలో తిరుగుతున్నాడు. నోటీసులో వీధి పేరూ ఆఫీసు పేరూ ఉన్నాయి గానీ, ఆ పేరు గాజు తలుపు మీద చీమ కాలంత అక్షరాలతో, అది కూడా మూడో అంతస్తులో, ఉంటుందని ఆయనకెలా తెలుస్తుంది? ఫోను అడిగితే జేబులోంచి తీసి చూపించాడు.

"నలభై ఏళ్ళు సుత్తి దెబ్బల మజ్జెన బతికినోణ్ణి బాబూ, సెవులు పోనాయి. ఫోను మోగినా ఇనబడదు. ఇనబడనప్పుడు ఎందుకని ఆపీసి ఉంచుతాను. ఎవులు మాట్లాడినా, దారి సెప్పినా సగమే ఇంతాను." ఎల్లారావు వైపు తిరిగాడు. "నా పేరు మొత్తం ఇని సానా ఏళ్ళయిపోనాది. ఎవులయ్యా నువ్వు?"

ఎల్లారావు ఒక కుర్చీ లాగి ఆయన ముందు పెట్టాడు. చంద్రిక చూపు తన మీదే ఉందని అతనికి తెలుసు. జడ్జిగారు మాత్రం తలెత్తకుండా కాయితం మీద రాసుకుంటూ, రాస్తున్నది పైకి చదివారు. "ఎల్లారావు మూడుసార్లు పిలవగా ప్రతివాది హాజరయ్యారు."

విచారణ మూడు గంటలు నడిచింది. భీమశంకరరావు నోటుపుస్తకాల కట్ట విప్పాడు. 1974 నుంచి రాసుకున్న లెక్కలు, కొలతలు, గళ్ళ మీద పెన్సిలుతో గీసిన రేకు బొమ్మలు. ఒక్కో బొమ్మా చూపించి, ప్రోగ్రాంలో అదే వరసలో ఏది ఎక్కడుందో అడిగాడు. నాగవంశీ మనుషులే తల ఊపక తప్పలేదు. నాగవంశీ మొహంలో పున్నమి తగ్గుతూ తగ్గుతూ అమావాస్య దాకా వచ్చింది. మిగతా విచారణ వచ్చే వారానికని చెప్పి జడ్జిగారు మఫ్లరు సర్దుకుని వెళ్ళిపోయారు. (ఆ తర్వాత రెండు వాయిదాల్లో ఆయన తేల్చింది, ప్రోగ్రాం కంపెనీదే, అందులో లెక్క మాత్రం భీమశంకరరావుది, ఇద్దరి పేర్లూ ఉండాలి అని. అప్పటికి నాగవంశీకి వేరే వకీలు ఉన్నాడు.)

జడ్జిగారి కారు కదిలిందో లేదో, నాగవంశీ చంద్రిక గదిలోకి వెళ్ళి తలుపు వేశాడు. గాజు గది. బయటికి అన్నీ కనబడతాయి, ఒక్క ముక్క వినబడదు. నాగవంశీ నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు, మధ్యమధ్యలో గాజు అవతల నిలబడ్డ ఎల్లారావుని వేలితో చూపిస్తున్నాడు. చంద్రిక కూర్చుని వింటోంది. ఒకసారి ఏదో చెప్పింది. అతను బల్ల చరిచాడు. పది నిమిషాలకి బయటికొచ్చి, ఎవరి వంకా చూడకుండా లిఫ్టెక్కి పోయాడు.

"బాబాయ్, మేడం రమ్మంటున్నారు," అన్నాడు సందీప్.

ఎల్లారావు లోపలికెళ్ళి నిలబడ్డాడు. జోగమ్మకి ఏం చెప్పాలా అన్న ఆలోచన అప్పుడే మొదలైంది.

"మెల్లగా అని చెప్పానా లేదా?" అంది చంద్రిక.

"సెప్పారండి."

"మరి?"

"మెల్లగా పిలిత్తే కాయితమ్మీద పిలిసినట్టే ఉంటాదమ్మా. మనిసికి మాత్రం పిలిసినట్టవదు."

చంద్రిక నుదురు రుద్దుకుంటూ చెప్పింది. "కిందనే తిరుగుతున్న మనిషిని పక్కనపెట్టి తెచ్చుకున్న తీర్పు రేపు కోర్టులో నిలవదని నాగవంశీగారికి చెప్పాను. ఆయన వినలేదు. మిమ్మల్ని ఈ పూటే పంపెయ్యాలి, లేదా తన ఫైళ్ళన్నీ వెనక్కిచ్చెయ్యాలి, రెండిట్లో ఒకటి అన్నారు. ఆ ఫైళ్ళు పోతే ఈ ఆఫీసులో సగం పని పోయినట్టే. మీకూ తెలుసు."

ఎల్లారావుకి తెలుసు. మెళ్ళోంచి కార్డు తీశాడు. తాడు చెవికి చిక్కుకుంటే విడిపించుకుని, మడతపెట్టి బల్ల మీద ఉంచాడు.

"నా గురించి అంత పెద్ద ఆసామీని ఒదులుకోకండమ్మా. నాను ఎల్లిపోతాను. మీ తప్పేటీ నేదు, మీరు ముందే సెప్పారు."

తలుపు దాకా వెళ్ళాడు.

"ఎల్లారావుగారూ, ఒక్కమాట," అంది చంద్రిక. "రేపు ఆ నాగవంశీయే నా మీద కేసు వేశాడనుకోండి. నేను దారి తెలీక ఏ వీధిలోనో తిరుగుతున్నాను. అక్కడ గుమ్మంలో మీరున్నారు. వాళ్ళు మిమ్మల్ని మెల్లగా పిలవమన్నారు. ఏం చేస్తారు?"

ఎల్లారావు ఆలోచించలేదు. ఆలోచించాల్సిన ప్రశ్న అని కూడా అతనికి తోచలేదు.

"పిలుత్తానమ్మా. మీరొచ్చిందాకా పిలుత్తాను. మూడుతో ఆపను."

చంద్రిక కిటికీ వైపు తిరిగింది. మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బల్ల మీది కార్డు తీసి అతని వైపు చాపింది.

"వేసుకోండి. నాగవంశీగారి ఫైళ్ళన్నీ పెట్టెల్లో సర్దండి, సందీప్ పట్టుకెళ్ళి ఇచ్చేస్తాడు. మీరు ఉండండి."

నాలుగు పెట్టెలయ్యాయి. లిఫ్టు కోసం ఆగకుండా ఎల్లారావే ఒక్కొక్కటీ కిందికి మోశాడు. మెట్లు దిగుతుంటే కళ్ళు మసకబారి మెట్టు కనబడలేదు, రెండుసార్లు గోడ పట్టుకోవాల్సి వచ్చింది. ముప్పై మూడేళ్ళ నౌకరీలో వేలమందిని రమ్మని పిలిచాడు. నువ్వు ఉండు అని అతనితో అన్న మనిషి ఇంతవరకు ఒక్కరూ లేరు.